హిల్డా ఆంటీ ఇంటి గంట

కప్పులుండే అల్మారా తలుపు మీద చార్టు అతికిస్తుంటే టేపు వేలికి చుట్టుకుపోయింది. ప్రిస్కిల్లా దాన్ని పళ్లతో పీకి, నాలుగో మూల కూడా అంటించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

పైన పెద్ద అక్షరాలతో 'జర్మనీ క్రిస్మస్ ప్లాన్' అని ఉంది. కింద మూడు గళ్లు. డిసెంబరు ఇరవైనాలుగు, ఇరవైఅయిదు, ఇరవైఆరు. గళ్లలో ఇంకా ఏమీ రాయలేదు.

తమ్ముడు మోజెస్ కుర్చీ ఎక్కి చూశాడు. వాడికి ఏడేళ్లు. ఏది చూపించినా వాడి దగ్గర ఒకటే మాట.

"గ్రాండ్!"

"ఖాళీ గళ్లే కదరా ఉన్నాయి."

"ఖాళీవి కూడా గ్రాండే అక్కా."

రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న అమ్మ మధ్యాహ్నం రెండింటికి లేచి, జుట్టు ముడేసుకుంటూ మెట్లు దిగింది. అమ్మ పేరు లీలారాణి. కాజిల్‌బార్ అనే ఐరిష్ ఊరి ఆసుపత్రిలో నర్సు. మూడేళ్లుగా ఆమెకు క్రిస్మస్ వార్డులోనే గడిచిపోయింది. పోయినేడు పేషెంట్ల మంచాలకు కట్టగా మిగిలిన ఎర్ర రిబ్బను జడలో ఉండగానే ఇంటికొచ్చి, సోఫాలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

ఈ ఏడు అలా కాదు. ఈ ఏడే ఇంట్లో నలుగురికీ ఐరిష్ పాస్‌పోర్టులు వచ్చాయి. వీసాల కోసం తిరగక్కర్లేదు. "ఎక్కడికి వెళ్దాం?" అని డాడీ అడగ్గానే ప్రిస్కిల్లా "జర్మనీ" అంది. స్కూల్లో చూపించిన క్రిస్మస్ మార్కెట్ వీడియోలో చెక్క కొట్లు, వాటి నిండా దీపాలు, తిరిగే గుర్రాలు చూసినప్పటి నుంచీ ఆమెకు అదే ధ్యాస.

"అయితే ప్లాను నీదే," అన్నాడు డాడీ.

అమ్మ చార్టు చూసింది. "ఆ మూడు రోజులూ నాకు డ్యూటీ పడింది. మా వార్డులో ఉజ్వల నా బదులు తను చేస్తానంటోంది. కానీ ముందు హిల్డా ఆంటీని అడిగి రావే. జర్మనీ ఆవిడ పుట్టిన దేశమే. ఆ మూడు రోజుల్లో వెళ్తే అన్నీ చూడొచ్చా అని అడుగు. నువ్వు అడిగొస్తే ఉజ్వలకి ఖాయం చేసేస్తాను."

ప్రిస్కిల్లా తల ఊపింది.

తల ఊపడం ఆమెకు బాగా అలవాటు. స్కూల్లో టీచరు "అందరికీ అర్థమైందా?" అంటే, అర్థమైనా కాకపోయినా ముందు ఊగే తల ప్రిస్కిల్లాదే. చెయ్యెత్తి అడిగితే అందరూ తనవైపే తిరుగుతారు. ఆ ఆలోచనకే ఆమె చెవులు వేడెక్కుతాయి.

*

హిల్డా ఆంటీ ఇల్లు సందు చివర ఉంది. ఆమె నలభై ఏళ్ల కిందట న్యూరెంబర్గ్ పక్క ఊరి నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడింది. రెండు మేకలు, ఒక ముసలి కుక్క ఆమె సంసారం. ప్రిస్కిల్లా మొదటిసారి "ఆంటీ" అని పిలిచినప్పుడు ఆమె పడీపడీ నవ్వింది. ఇప్పుడు ఎవరైనా అలా పిలవకపోతేనే ఆమెకు బాగుండదు.

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. ప్రిస్కిల్లా తలుపు కొట్టిన చప్పుడు కుక్కకు తప్ప ఎవరికీ వినపడలేదు. కుక్క మొరిగాక హిల్డా ఆంటీ తలుపు తీసింది.

వంటింట్లో లైటు లేదు. బల్ల మీద పచ్చటి ఫర్ చెట్టు కొమ్మలు గుండ్రంగా అల్లిన దండ ఒకటి పడుకోబెట్టి ఉంది. దాని మీద లావుపాటి ఎర్ర కొవ్వొత్తులు నాలుగు నిలబడి ఉన్నాయి.

"సరైన సమయానికి వచ్చావు," అంది హిల్డా ఆంటీ. ఆమె ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా తీసి బల్ల మీద పెట్టినట్టు ఉంటుంది. "క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు. ఇవాళ మొదటిది. అందుకని ఒక్కటే."

అగ్గిపుల్ల గీసింది. ఒక్క కొవ్వొత్తి వెలిగింది.

ప్రిస్కిల్లా ఊపిరి బిగబట్టింది. వాళ్ల వీధిలో పదిహేను రోజులుగా ప్రతి కిటికీలోనూ రంగు బల్బులు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. వాటిని చూసీ చూసీ కళ్లు అలవాటు పడిపోయాయి. కానీ ఈ ఒక్క చిన్న మంటకు గదిలో చీకటంతా గోడల దాకా వెనక్కి జరిగినట్టుంది. కుక్క కళ్లలో కూడా ఓ చుక్క వెలుగు కనబడింది.

"వచ్చే ఆదివారం రెండు. తర్వాత మూడు. నాలుగోది వెలిగిందంటే పండగ గుమ్మంలోకి వచ్చినట్టే."

వేడి పాలు పోసిచ్చి హిల్డా ఆంటీ తన చిన్నప్పటి సంగతి చెప్పింది.

"మా ఇంట్లో ముందుగదికి తాళం పడేది. లోపల ఏముందో ఇరవైనాలుగో తారీఖు సాయంత్రం దాకా పిల్లలకు తెలియకూడదు. తాళం కన్నంలో మా అమ్మ దూది కుక్కేది. ఎందుకంటే మా తమ్ముడి కన్ను ఎప్పుడూ అక్కడే ఉండేది. చీకటి పడ్డాక అందరం నడవాలో నిలబడేవాళ్లం. ఎవరూ మాట్లాడకూడదు. లోపల్నుంచి చిన్న గంట. టింగ్! అంతే, తలుపు తెరుచుకునేది."

'అప్పుడు?' అన్న మాట ప్రిస్కిల్లా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. అదృష్టం, హిల్డా ఆంటీయే చెప్పింది.

"అప్పుడు చెట్టు! కొమ్మకొమ్మకీ కొవ్వొత్తులు. బల్బులు కాదు, నిజమైన మంటలు."

ప్రిస్కిల్లా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పాలు తాగడం మర్చిపోయింది.

"ఇంతకీ మీరు వెళ్లేది ఎప్పుడు?"

"ఇరవైనాలుగు నుంచి ఇరవైఆరు."

హిల్డా ఆంటీ కనుబొమలు పైకి లేచాయి. "ఆ రోజులా? ఇరవైనాలుగున అక్కడ ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా?"

ఆ ప్రశ్నలో ఏదో ఉంది. ఏమిటో ప్రిస్కిల్లాకు అందలేదు. నాలుగేళ్ల కిందట రేపల్లె దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో చూసిన క్రిస్మస్ కళ్ల ముందు మెదిలింది. ఇరవైనాలుగు రాత్రి చర్చి వీధంతా దీపాలే. బూరలమ్మేవాళ్లు, బజ్జీల బండి, డప్పులు. తెల్లారేదాకా ఎవరూ నిద్రపోలేదు. ఓ చిన్న ఊరే అలా ఉంటే జర్మనీ ఇంకెలా ఉంటుంది! అయినా అడిగితే, 'ప్లాను నువ్వేస్తూ ఇది కూడా తెలీదా?' అనుకోదూ?

తల దానంతటదే ఊగింది. "తెలుసు."

"మంచిది. చాలామంది తెలుసుకోకుండానే వెళ్తారు," అంటూ హిల్డా ఆంటీ మేకలకు మేత వేయడానికి లేచింది.

ఇంటికి రాగానే అమ్మ, "అడిగావా?" అంది.

"అడిగాను."

"అన్నీ చూడొచ్చందా?"

"ఆఁ. అన్నీ."

అమ్మ అప్పటికప్పుడే ఉజ్వల ఆంటీకి ఫోన్ చేసింది. స్పీకర్లో ఉజ్వల ఆంటీ గొంతు వినపడింది. "పర్లేదక్కా, వెళ్లి రండి. మూడేళ్లయింది నీకు. మా గిడియన్‌గాడు ఇరవైఅయిదు పొద్దున చర్చిలో గొర్రెపిల్ల వేషం వేస్తున్నాడు. నేను డ్యూటీలో ఉంటే ఏమైంది, వాళ్ల డాడీ వీడియో తీస్తాడులే."

ప్రిస్కిల్లా గళ్లు నింపడానికి పెన్ను తీసుకుంది.

*

డిసెంబరు అయిదున ప్రిస్కిల్లా వాళ్లింటికి హిల్డా ఆంటీ కబురు పంపింది. 'బూట్లు శుభ్రంగా తుడిచి గుమ్మం బయట పెట్టండి. జర్మనీలో పిల్లలు ఈ రాత్రి ఇలాగే చేస్తారు. పొద్దున చూడండి.'

మోజెస్ తన రబ్బరు వెల్లింగ్టన్ బూట్లను టూత్‌బ్రష్‌తో తోమాడు. ఎవరి టూత్‌బ్రష్ అని ఎవరూ అడగలేదు.

శనివారం పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం మీద మంచు మెరుస్తోంది. బూట్ల నిండా అక్రోట్లు, చిన్న నారింజలు. పైన నక్షత్రం ఆకారంలో ఒక్కో బిస్కట్. లవంగాల వాసన, తేనె వాసన చల్లటి గాలిలో కలిసి వస్తోంది. మంచులో ఎవరి అడుగులూ కనబడలేదు.

మోజెస్ నోరు తెరిచాడు. గ్రాండ్ అనలేదు. బూటును రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు.

ప్రిస్కిల్లా ఆగలేకపోయింది. చార్టులో నింపిందంతా ఎక్కించుకున్న పుస్తకం పట్టుకుని హిల్డా ఆంటీ ఇంటికి పరుగెత్తింది. థాంక్స్ చెప్పాలి, నింపిన గళ్లు కూడా చూపించాలి.

హిల్డా ఆంటీ కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఇరవైనాలుగు సాయంత్రం, మార్కెట్లో తిరిగే గుర్రాలు. ఇరవైఅయిదు, రోజంతా మార్కెట్. ఇరవైఆరు, మళ్లీ మార్కెట్, బొమ్మలు కొనడం.

ఆమె కళ్లజోడు తీసేసింది. "ప్రిస్కిల్లా, నీకు తెలుసన్నావు కదా?"

ప్రిస్కిల్లా తన చేతిరాత వైపు చూసింది.

"ఇరవైనాలుగు మధ్యాహ్నానికల్లా మార్కెట్ మూసేస్తారమ్మా. చెక్క తలుపులు దించేసి అందరూ ఇళ్లకు పోతారు. ఆ సాయంత్రం పండగ వీధిలో ఉండదు, మూసిన తలుపుల వెనక ఉంటుంది. మర్నాడు, ఆ మర్నాడు దుకాణాలు కూడా తెరవరు. మార్కెట్ పెట్టే ఆ చౌకులో మీరు నలుగురూ, పావురాలూ ఉంటారు."

ప్రిస్కిల్లా పుస్తకం మూసేసింది. "నేను... ఇంటికెళ్లాలి," అంది.

*

ఇంట్లో అడుగు పెట్టేసరికి వంటింట్లో గొర్రెపిల్ల ఉంది.

అయిదేళ్ల గిడియన్ తెల్ల బనీను వేసుకుని బల్ల మీద నిలబడ్డాడు. ఉజ్వల ఆంటీ వాడిని పట్టుకుంటే అమ్మ బనీనుకు దూది అంటిస్తోంది.

"మే..." అన్నాడు గిడియన్.

"అది మేకరా! గొర్రెలు బా అంటాయి," అన్నాడు మోజెస్.

"బా! అక్కా, ఇటు చూడు. మా మమ్మీ ఆ రోజు రాదుగా, అందుకే ఇప్పుడే చూపించేస్తున్నా."

ఉజ్వల ఆంటీ వాడి వీపు మీద దూదిని సర్దుతూ ఉండిపోయింది. పైకి నవ్వుతూనే ఉంది. కానీ ఆ సర్దడం ఎంతకీ అవలేదు.

బల్ల రెండో వైపు డాడీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆయన పేరు స్తెఫను. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తాడు. రాత్రి డ్యూటీకి వెళ్లేలోగా టికెట్లు తీసేయాలని ఆయన తొందర.

"ప్రిస్సీ, నీ పేరు స్పెల్లింగ్ చూడమ్మా. ఇక నొక్కేస్తున్నా."

"డాడీ, నొక్కద్దు."

మాట మెల్లగా వచ్చింది. ఆయనకు వినపడలేదు. వేలు కిందికి దిగుతోంది.

"డాడీ! నొక్కద్దు!"

అందరూ తిరిగి చూశారు. అమ్మ, డాడీ, ఉజ్వల ఆంటీ, మోజెస్, గొర్రెపిల్ల. ప్రిస్కిల్లా చెవులు మండిపోయాయి. అయినా ఆగలేదు.

"నేను హిల్డా ఆంటీని అడగలేదు. ఆ రోజుల్లో మార్కెట్ ఉండదు. మొత్తం మూసేస్తారు."

"అడిగానన్నావు కదే?" అంది అమ్మ.

"అన్నాను. ఆవిడే నీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. తెలీదని చెప్పడానికి... సిగ్గేసింది."

ఎవరూ కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేదేమో. అమ్మ చేతిలో దూది అలాగే ఉంది.

ముందుగా ఉజ్వల ఆంటీయే మాట్లాడింది. "గుర్తుందా అక్కా? కొత్తలో వార్డులో ఆ పెద్ద నర్సు ఏం చెప్పినా నేను తల ఊపేసేదాన్ని. ఆవిడ యాస ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! తర్వాత కారిడార్లో నిన్ను పట్టుకుని, 'ఏమందక్కా?' అని అడిగేదాన్ని."

"నాకు మాత్రం ఏం తెలిసేది? నేనూ ఊపేదాన్నే," అంది అమ్మ. పెదవి చివర నవ్వు వచ్చి పోయింది. తర్వాత కూతురి వైపు తిరిగింది. "పుస్తకం చేతిలోనే ఉంది కదా? వెళ్లు. నీకు తెలీనివన్నీ అడిగి రా. నువ్వొచ్చేదాకా డాడీ నొక్కడు."

బయట వాన మొదలైంది. ప్రిస్కిల్లా ఈసారి తలుపు గట్టిగా కొట్టింది. కుక్క కంటే ముందు హిల్డా ఆంటీ వచ్చింది.

"హిల్డా ఆంటీ, నాకు తెలీదు."

"ఏది తెలీదు?"

"ఏదీ తెలీదు."

హిల్డా ఆంటీ ఆమె తడిసిన కోటు తీసి కుర్చీకి తగిలించింది. "అయితే చాలాసేపు పడుతుంది. కూర్చో."

మొదటి ప్రశ్న అడగడం పన్ను పీకించుకున్నంత కష్టమైంది. రెండోది కాస్త నయం. అయిదోదానికి వచ్చేసరికి ప్రిస్కిల్లా కుర్చీ అంచుకు జరిగింది. మార్కెట్ ఏ రోజు దాకా ఉంటుంది? పిల్లలు ఏం తాగుతారు? ఆ లవంగాల బిస్కట్లో ఇంకా ఏం వేస్తారు? గంట ఎవరు మోగిస్తారు?

"దూది కుక్కాక మీ తమ్ముడు ఏం చేశాడు?"

హిల్డా ఆంటీ కళ్లు చిన్నవయ్యాయి. "పుల్లతో లాగేశాడు! డెబ్భై ఏళ్లలో ఇది నన్ను అడిగింది నువ్వే."

మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. పుస్తకంలో రెండు పేజీలు నిండాయి.

*

ఇంటికొచ్చి పుస్తకం చూసి చదివింది. "ఇరవై నుంచి ఇరవైమూడు దాకా అన్నీ ఉంటాయి. మా స్కూలుకి పంతొమ్మిదినే సెలవులిస్తారు."

అమ్మ ఫోన్లో డ్యూటీల రోస్టర్ చూసింది. "ఇరవైఒకటి, ఇరవైరెండు నాకు డ్యూటీ ఉంది."

"ఆ రెండూ నేను చేస్తా. నా ఇరవైఅయిదు నాకిచ్చెయ్ అక్కా!" అంది ఉజ్వల ఆంటీ, ఆ మాట కోసమే కాచుకున్నట్టు.

"బా!" అన్నాడు గిడియన్. తన తల్లిని చూసి ఇంకోసారి అన్నాడు. "బా! మమ్మీ వస్తుంది!"

అమ్మ నవ్వింది. "సరే, నీ క్రిస్మస్ నీకు. నా వార్డు నాకు."

అందరూ నవ్వారు. కానీ ఫోన్ బల్ల మీద పెట్టే ముందు అమ్మ అందులో పండగ మూడు రోజుల వైపు ఇంకోసారి చూసుకోవడం ప్రిస్కిల్లా గమనించింది. వరసగా నాలుగో ఏడు.

మర్నాడు ఆదివారం. హిల్డా ఆంటీ రెండో కొవ్వొత్తి వెలిగించి పుల్ల ఆర్పింది.

"ఆంటీ, పదిహేనో ప్రశ్న ఉంది."

"అడుగు."

"మీ గంట ఎన్నింటికి మోగుతుంది?"

"ఇంట్లోవాళ్లందరూ వచ్చాక."

"ఒకళ్లు రాత్రి ఎనిమిది దాకా ఆసుపత్రిలో ఉంటే?"

హిల్డా ఆంటీ కాలిన పుల్లను బల్ల మీద పెట్టింది.

"అయితే గంట ఆగుతుంది," అంది.

*

న్యూరెంబర్గ్‌లో ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో ప్రిస్కిల్లాకు తెలీలేదు. మొదటి సాయంత్రం చౌకు మలుపు తిరగ్గానే నలుగురూ ఒకేసారి ఆగిపోయారు. ఎర్రచారల గుడ్డ కప్పిన కొట్లు వరసలు వరసలుగా, వాటి వెనక నల్లటి చర్చి, దాని పైన చంద్రుడు. అమ్మ అల్లం వాసన వేసే బిస్కట్ కొరికి కళ్లు మూసుకుంది. ఎండిన పళ్లతో చేసిన బుల్లి మనుషుల్ని చూసి మోజెస్, "వీళ్లని తింటారా, ఆడుకుంటారా?" అన్నాడు. ప్రిస్కిల్లా నేరుగా కొట్టు అతన్ని అడిగేసింది. "ఆడుకోవాలి. తింటే పళ్లు పోతాయి," అన్నాడతను.

ఇరవైమూడు రాత్రికి తిరిగి వచ్చేశారు. ఇరవైనాలుగు పొద్దున ఏడున్నరకు అమ్మ యూనిఫాం వేసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు అమ్మ కారు తమ ఇంటి ముందు ఆగేసరికి, ప్రిస్కిల్లా గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడి ఉంది.

"చలిలో ఇక్కడెందుకే?"

"దిగకమ్మా. సందు చివరికి పోనీ."

హిల్డా ఆంటీ ఇంటి నడవాలో లైటు లేదు. డాడీ, మోజెస్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎదురుగా ముందుగది తలుపు మూసి ఉంది. తాళం కన్నంలో దూది. మోజెస్ చేతిలో ఎందుకో ఒక పుల్ల ఉంది.

"ఏంటిదంతా?" అంది అమ్మ.

"ష్! మాట్లాడకూడదు," అన్నాడు మోజెస్.

చీకట్లో అమ్మ చెయ్యి ప్రిస్కిల్లా చేతికి తగిలింది. రోజంతా పనిచేసిన ఆ చేతికి ఆసుపత్రి సబ్బు వాసన ఉంది. ఎవరూ కదల్లేదు. కుక్క కూడా కదల్లేదు.

టింగ్.

అంత చిన్న చప్పుడు ఇల్లంతా నిండింది. తలుపు మెల్లగా తెరుచుకుంది.

చీకటి గది మధ్యలో చెట్టు. ప్రతి కొమ్మ మీదా నిలబడి ఊపిరి తీసుకుంటున్నట్టు కొవ్వొత్తి మంటలు. బల్బుల్లా ఆరీ వెలిగీ కాదు, నిలకడగా, ప్రాణం ఉన్నట్టు. చెట్టు పక్కన నీళ్ల బకెట్, దాని పక్కన చేతిలో గంటతో హిల్డా ఆంటీ. ఆమె ముఖం ఏడేళ్ల పిల్ల ముఖంలా ఉంది.

మోజెస్ చేతిలోంచి పుల్ల జారి కింద పడింది.

అమ్మ వేడి తగిలేంత దగ్గరికి నెమ్మదిగా నడిచింది. కొమ్మలకు బంగారు రంగులో నక్షత్రాలు వేలాడుతున్నాయి. అమ్మ ఒకదాన్ని వేలితో తాకి చూసింది. గడ్డిపోచలు! ఒట్టి గడ్డిపోచలు దారంతో కట్టినవి.

"ప్రిస్సీ," గుసగుసగా అంది అమ్మ. ఆమె కళ్లలో కొవ్వొత్తులన్నీ ఉన్నాయి. "మన ఊళ్లో నక్షత్రం కాగితంతో చేస్తాం కదా. వీళ్లు గడ్డితో ఎందుకు చేశారే? నీకు తెలుసా?"

ప్రిస్కిల్లా తల ఊగలేదు.

"తెలీదమ్మా," అంది. అమ్మ చెయ్యి పట్టుకుని చెట్టుకు అవతలి వైపు తీసుకెళ్లింది. "రా, అడుగుదాం."